వీరాస్వామయ్య దారికి బొమ్మలు

తిరుత్తణి కొండకు 365 మెట్లు. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. ఆడి కృత్తిక వచ్చిందంటే ఆ మెట్లన్నీ కావళ్లతో నిండిపోతాయి. ఒక ఏడు ఆ జనంలో ఓ పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాను. కావడి బద్ద భుజం మీద ఎక్కడ ఆనుతుంది, ఏ చెయ్యి పైన ఉంటుంది, మెట్టు ఎక్కేటప్పుడు బరువు ఎటు ఒరుగుతుంది అని. సుబ్రహ్మణ్యస్వామి క్షమించాలి, నా ధ్యాసంతా ఒక పుస్తకం మీద ఉంది. కాశీయాత్ర చరిత్రకు బొమ్మలు వేయాల్సివస్తే, యజమాని పల్లకీ వెనకాల సామాను కావడి మోసుకుపోయేవాణ్ని ఎలా గీయాలి?

ఆ పుస్తకం రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్నం సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటరు. 1830 మే 18న ఇల్లు విడిచి బయల్దేరారు. ఇంట్లోవాళ్లు, నౌకర్లు, బోయీలు కలిసి వందమంది దాకా పరివారం. ఇప్పటి తిరువళ్లూరు జిల్లా నేల మీదుగా తిరుపతి చేరి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు దాటుకుంటూ కాశీ వెళ్లారు. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. పదిహేను నెలల పైమాట. దారి పొడుగునా ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, దిగడానికి చోటు దొరుకుతుందా లేదా, మళ్లీ మజిలీ ఎంత దూరం అన్నీ రాసిపెట్టారు. మనవాళ్లు యాత్ర అనగానే స్థల పురాణం ఎత్తుకుంటారు. ఈయన పురాణం పక్కనే బియ్యం, నెయ్యి సంగతి కూడా చెబుతారు. అందుకే ఇది తెలుగులో తొలి యాత్రాగ్రంథమే కాదు, ఇప్పటికీ హాయిగా చదివించే పుస్తకం.

అచ్చులో చూసుకునే యోగం ఆయనకు లేకపోయింది. 1836లో కన్నుమూశారు. స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ల పూనుకుని 1838లో అచ్చు వేయించారు. 1869లో రెండో కూర్పు వచ్చింది. మూడోది 1941లో, బెజవాడ వకీలు దిగవల్లి వేంకట శివరావు గారి చలవ. నా దృష్టిలో పుస్తకాన్ని మళ్లీ బతికించింది ఆ మూడో కూర్పే. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఆయన ఇచ్చిన వివరణలు లేకపోతే ఆ ఊళ్లు, ఆ మనుషులు, ఆ కంపెనీ కాలపు వ్యవహారం మనకు సగమే తెలిసేవి. మరి బొమ్మలు? ఇంగ్లీషు యాత్రాగ్రంథాలకు పట్టిన అదృష్టం దీనికి పట్టలేదు.

ఆ అదృష్టం ఎలాంటిదో చెప్పాలి. ఇంగ్లీషు చిత్రకారుడు థామస్ డేనియల్, ఆయన అన్న కొడుకో తమ్ముడి కొడుకో అయిన విలియం 1786లో కలకత్తాలో దిగి, దేశం చుట్టి, దక్షిణాదినా తిరిగి, ఇంటికెళ్లి 1795 నుంచి 1808 దాకా ‘ఓరియంటల్ సీనరీ’ పేరుతో 144 బొమ్మలు అచ్చేశారు. అవి అక్వాటింట్లు. నున్నటి రాగి రేకు మీద చెట్టు జిగురు పొడి సన్నగా రాలేలా చల్లుతారు. కింద వేడి తగిలిస్తే ఆ రవ్వలు రేకుకి అంటుకుంటాయి. తరవాత యాసిడ్‌లో ముంచితే రవ్వల మధ్య సందుల్లో మాత్రమే రాగి కొరుక్కుపోతుంది. ఆకాశం తెల్లగా ఉండాలా? అక్కడ ముందే వార్నిష్ పూసేస్తారు. గోపురం నీడ ముదరాలా? ఆ భాగాన్ని మళ్లీ మళ్లీ ముంచుతారు. ఎంతసేపు నానితే అంత నలుపు. ఆపైన సిరా పట్టించి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి రోలర్ల మధ్య నడిపిస్తారు. గీత గీసినట్టు కాకుండా నీటి రంగు అలికినట్టు వస్తుంది బొమ్మ. ఆ పైన రంగులు చేత్తో వేసేవాళ్లు.

పాత పుస్తకాలు కొనేవాళ్లకు ఇది తెలిస్తే డబ్బు మిగులుతుంది. భూతద్దం పెట్టి చూడండి. వరసగా నాలుగు రంగుల చుక్కలు కనిపిస్తే అది నిన్న మొన్నటి ఆఫ్‌సెట్టు. అక్వాటింటులో చుక్కల వరస ఉండదు, ఎండిన చెరువు నెర్రెల్లాంటి సన్నటి వల ఉంటుంది. బొమ్మ చుట్టూ వేలు పోనిస్తే, రేకు అంచు కాగితంలోకి దిగిన పల్లం తగులుతుంది. అంచులు కత్తిరించని ప్రతుల్లోనేలెండి. బొమ్మకీ ఎదుటి పేజీకీ మధ్య పల్చటి కాగితం ఉంటే, అది సిరా అంటకుండా వేసింది. చించి పారేయకండి.

కాశీయాత్ర చరిత్రకు డేనియళ్ల బొమ్మలే తెచ్చి అతికిస్తే చాలదా అంటారు కొందరు. నాకు నచ్చదు. కాలం దగ్గరదే కానీ చూపు వేరు. వాళ్లకు గోపురం, కొండ, మర్రిచెట్టు కావాలి. మనుషులు ఓ మూల చీమల్లా ఉంటారు. వీరాస్వామయ్య గారికి మనుషులే ముఖ్యం. ఆయన పుస్తకానికి డేరా మేకు కొట్టేవాడు కావాలి, భుజం మార్చుకునే బోయీ కావాలి, పొయ్యి మీద ఎసరు కావాలి. తిరువళ్లూరులో వీరరాఘవస్వామి కోనేరు గట్టున కూర్చుంటే, రోగాలు పోవాలని మొక్కుకున్నవాళ్లు నీళ్లలో బెల్లం వేయడం ఇప్పటికీ కనిపిస్తుంది. గడ్డ కరుగుతుంటే చుట్టూ నీళ్ల రంగు మారడం, అదీ గీయాల్సింది.

అన్నిటికంటే ముందు మ్యాపు కావాలి. మ్యాపు లేని యాత్రాగ్రంథం చుట్టం పేరు రాసి ఊరు రాయని ఉత్తరం లాంటిది. ఇక్కడే చిక్కు. సరిహద్దులు మారుతూ వచ్చాయి. తిరుత్తణినే చూడండి, ఒకప్పుడు ఉత్తరార్కాడులో ఉండేది, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది, సరిహద్దు తగాదా మీద పటాస్కర్ తీర్పు తరవాత 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. ఇప్పటి సరిహద్దు గీతలు లావుగా గీస్తే వీరాస్వామయ్య దారి ముక్కలు ముక్కలవుతుంది. ఆయన దారినే నల్లగా వేసి, మన గీతల్ని బూడిద రంగులో సన్నగా వేయాలి. ఊరి పేర్లు ఆయన రాసినట్టే ఉంచి, ఇప్పటి పేర్లు కింద ఇవ్వాలి. దిగవల్లి వారి నోట్లు తీసేస్తే మాత్రం ఎంత ఖరీదు కాగితమైనా నేను కొనను.

అలాంటి బొమ్మల కూర్పు వచ్చేలోగా ఒక మనవి. తాతల నాటి పెట్టెలో 1941 ప్రతి ఉన్నవాళ్లు చాలామందే ఉండొచ్చు. బైండింగు ఊడిందని చేయించబోతారు. బైండరు చేతికి ఇచ్చేటప్పుడు అంచులు కోయొద్దని గట్టిగా చెప్పండి, పాత కుట్టు రంధ్రాల్లోంచే దారం పోనివ్వమనండి, పేజీలకు టేపు అంటించొద్దనండి. పనైపోయేదాకా దగ్గర కూర్చోగలిగితే మరీ మంచిది.