పద్దు రాసి రాముణ్ణి నిలదీసిన పాట

పాతబస్తీలో హరిబౌలి అక్కన్న మాదన్న మహంకాళి గుడి అనగానే బోనాలు గుర్తొస్తాయి. ఏనుగు మీద ఘటం, చార్మినార్ మీదుగా నయాపూల్ దాకా సాగే ఊరేగింపు కళ్ళముందు మెదులుతాయి. గుడి పేరులో ఉన్న ఆ అన్నదమ్ములు గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672–1687) కొలువులో చక్రం తిప్పినవాళ్ళు. వాళ్ళ మేనల్లుడని చెప్పే కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాలో తహసీల్దారు. సర్కారుకు చేరాల్సిన పన్ను సొమ్ముతో భద్రాద్రి రాముడికి గుడి కట్టించి గోల్కొండ కోటలో ఖైదీ అయ్యాడు. పన్నెండేళ్ళు చెరలో ఉన్నాడంటారు. మనకు రామదాసుగా మిగిలాడు.

దేవుడు లోకమంతటినీ కాపాడతాడని చెప్పడం తేలికే. ఆ లోకంలో నేనొకణ్ణి ఉన్నానని ఆయనకు తెలుసా, నా వీపు మీద పడ్డ దెబ్బ ఆయన లెక్కలోకి వచ్చిందా అన్నదే గడ్డు ప్రశ్న. రామదాసు దాన్ని వేదాంతంతో తేల్చబోలేదు. తహసీల్దారుకు చేతనైన విద్య జమాఖర్చు. దాంతోనే అడిగాడు. ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తన పనితనమంతా అందులోనే ఉంది.

ఎక్కువగా వినబడే పాఠంలో చరణాల వరస చూడండి. ముందు గుడి చుట్టూ ప్రాకారం. ఆ తర్వాత గోపురం, మండపాలు. ఆపైన నగలు: భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం. బయటి గోడ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క అడుగే లోపలికి వేస్తూ గర్భగుడి దాకా వస్తాడు. నగల చరణాల కట్టుబడీ పద్దు పుస్తకం లాంటిదే: మొదటి పాదంలో చేయించిన వస్తువు, రెండో పాదంలో దానికి పట్టిన సొమ్ము. విచిత్రమేమిటంటే నగ మారినా ధర మారదు. వరహాలైనా మొహరీలైనా పదివేలే. లెక్కల మనిషికి అన్నిటికీ ఒకే ధర పడదని తెలియదా? తెలుసు. ఇక్కడ అంకె ధర చెప్పడానికి రాలేదు, దెబ్బలా మళ్ళీ మళ్ళీ పడడానికి వచ్చింది. నాలుగోసారి పదివేలు వినేసరికి శ్రోతకు కూడా రాముడి వైపు తిరిగి, సమాధానం చెప్పవేమయ్యా అనాలనిపిస్తుంది.

అసలు చమత్కారం ఆ తర్వాతే ఉంది. రాముడి కలికితురాయి దగ్గరకు వచ్చేసరికి ధర లేదు! రెండో పాదంలో అంకె ఉండాల్సిన చోట ప్రశ్న ఉంది. ఎవరి సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావు, మీ నాన్న పెట్టాడా, మీ మామ పంపాడా అని నిలదీస్తాడు. అంతవరకూ చదువుతున్న పద్దు చేతిలోంచి జారిపోయి, ఎదురుగా మనిషి నిలబడ్డాడు. తనను ఎరగని దొరతో ఎవరూ ఇలా మాట్లాడరు. నా సంగతి నీకు తెలుసు, తెలిసీ ఊరుకున్నావు అనుకున్నచోటే ఇంత చనువుగా కోపం పుడుతుంది. వెంటనే స్వరం దిగుతుంది. దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అంటాడు. తిట్టినంత నిజంగానే సిగ్గుపడ్డాడు. ఒకే పాటలో లెక్క, తగువు, క్షమాపణ మూడూ ఇమిడిన తీరు చూస్తే, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటి విద్వాంసుడు రామదాసు కీర్తనలను ఊరూరా వినిపించడంలో ఆశ్చర్యం లేదు.

మరో కీర్తనలో ఆయన సీతమ్మను ఆశ్రయిస్తాడు. మీరిద్దరూ ఏకాంతంగా ఉన్న వేళ చూసి నా మాట కాస్త చెవిన వేయమ్మా అన్న వరస. ఇదీ కచేరీ తెలిసినవాడి ఉపాయమే. దొరకు అర్జీ ఎప్పుడు, ఎవరి ద్వారా చేరితే పని జరుగుతుందో గోపన్నకు తెలుసు.

ఈ పాటలకు జనం కట్టుకున్న ముగింపు కూడా పనితనంలో తీసిపోదు. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ పేర్లతో రాత్రివేళ తానీషా పడకగదికి వెళ్ళి ఆరు లక్షల మొహరీలు కట్టారట. ఊరికే కట్టి రాలేదు, రసీదు రాయించుకుని గోపన్న తలగడ కింద పెట్టారట. ఖైదు గోడలు బద్దలు కొట్టలేదు, సుల్తానును శపించలేదు. పద్దు రాసి అడిగినవాడికి చెల్లుచీటీ ఇచ్చారు. ఎవరు ఏ భాషలో మొరపెట్టుకుంటే ఆ భాషలోనే జవాబొస్తుందన్నది ఆ కథ నమ్మకం.

అయితే దర్శనం గోపన్నకు దక్కలేదు, ఆయన్ను చెరలో పెట్టిన తానీషాకు దక్కింది! భక్తుడికి అన్యాయమనిపించవచ్చు. కానీ 1687లో గోల్కొండ మొగలుల చేతికి చిక్కాక ఆ తానీషా కూడా దౌలతాబాద్ కోటలో ఖైదీగానే బతుకు ముగించాడు. గోపన్నకు విడుదల కావాలి, రాబోయే చెరకు సుల్తానుకు ఒక తోడు కావాలి. దేవుడు మనిషి మనిషినీ పట్టించుకుంటాడంటే అందరికీ ఒకటే పంచుతాడని కాదు, ఎవరికి కావలసింది వాళ్ళకు చేరుస్తాడని. ఆ వాటాలో అడగనివాడికీ, అడిగినవాణ్ణి కొట్టించినవాడికీ చోటుంది. శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున భద్రాచలానికి వెళ్ళే ముత్యాల తలంబ్రాల ఆనవాయితీని జనం ఈనాటికీ తానీషా పేరునే చెప్పుకుంటారు.