పేరు చూసి పిలిచే బజారు

బజారుకు కులం లేదని చదువుకున్నోళ్లు చెప్తారు. డబ్బుకి అంటు లేదంటారు. ఈ మాటే అర్థశాస్త్రంలో సిద్ధాంతమై కూచుంది. 1957లో అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్ వివక్షని యజమాని 'అభిరుచి'గా లెక్కగట్టాడు. పని తెలిసినవాణ్ణి రంగు చూసి కాదన్నవాడు తానే నష్టపోతాడు, పోటీ పెరిగేకొద్దీ నిలవలేడు అన్నది ఆ వాదనలోంచి తీసిన నీతి. వినడానికి బాగానే ఉంది. మరి తరతరాలుగా మనల్ని కాదన్నోళ్లు దివాలా తీయలేదేం?

దీనికి కొంత జవాబు 1976లో జార్జ్ అకెర్లాఫ్ చెప్పాడు. కట్టు తప్పినవాణ్ణి మిగతావాళ్లు వెలేస్తారన్న భయం ఉన్నంతకాలం, నష్టమొచ్చినా అందరూ ఆ కట్టులోనే ఉంటారని. వెలి అంటే ఏమిటో మా వాడలో పసిపిల్లాడికీ తెలుసు. ఆయనకు సమీకరణాలు కావలసొచ్చాయి.

మన దేశంలో దీన్ని పరీక్షకు పెట్టినవాళ్లు సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్. ఇంగ్లీషు పేపర్లలో పడ్డ 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 66 వారాలపాటు 4,808 దరఖాస్తులు పంపారు. సమాన అర్హత, వేరు వేరు పేర్లు. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. పిలుపొచ్చే అవకాశ నిష్పత్తి సవర్ణ పేరుకు 1 అయితే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. మనిషి మొహం చూడలేదు, మాట వినలేదు. పేరు దగ్గరే తలుపు పడింది.

మన తెలుగుదేశంలో ఇంటిపేరు చూసి కులం పట్టడం అంత తేలిక కాదు. అందుకని తవ్వుతారు. డిగ్రీ పట్టుకుని తిరిగే రోజుల్లో ఒక మేనేజరు నన్నడిగాడు: "మీదేవూరు? నాన్నగారేం చేస్తారు? ఊళ్లో ఇల్లెక్కడ?" చెప్పులు కుడతాడన్నాను. "సరే, కబురు చేస్తాం" అన్నాడు. ఆ కబురు ఇంకా దారిలోనే ఉంది. ఇది నా ఒక్కడి గోడైతే ఆత్మన్యూనత అని కొట్టేసేవాళ్లు. సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీలో 25 మంది పెద్ద కంపెనీల మేనేజర్లతో మాట్లాడి 2007లోనే రాశారు. వాళ్లు నోటితో జపించేది మెరిట్, ఇంటర్వ్యూలో ఆరా తీసేది కుటుంబ నేపథ్యం.

థోరట్ పరిశోధనకీ ఒక హద్దుంది. అది కొలిచింది దరఖాస్తు పెట్టే కొలువుల్ని. మురుగుకాలవలోకి దిగడానికి దరఖాస్తు ఎవరడుగుతారు? అక్కడ మన కులమే మన అర్హత. 2013లో చట్టం చేసి నిషేధించినా మ్యాన్‌హోల్లో ఊపిరాడక చస్తున్నది ఎవరి బిడ్డలో వేరే చెప్పాలా? కులం పనివాళ్లనే మెట్లుమెట్లుగా పేర్చిందని అంబేడ్కర్ 1936లోనే చూపించాడు. పై మెట్టుమీద మనల్ని రానివ్వని బజారే, కింది మెట్టుమీంచి మనల్ని కదలనివ్వదు. ఈ రెండో సగాన్ని కొలిచే పని మన విద్యార్థులదే.

2004లో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మాట ఢిల్లీ ప్రభుత్వ కార్యక్రమంలోకెక్కింది. పెట్టుబడిదారులు చట్టమొద్దు, మేమే స్వచ్ఛందంగా చేస్తామన్నారు. దేశమంతటికీ వర్తించే చట్టం ఈనాటికీ రాలేదు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, 'మెరిట్' అని ఎవరైనా నోరెత్తితే ఆ 4,808 దరఖాస్తులు ముందు పెట్టండి. సమాన అర్హత ఉన్నచోట ఆ తేడా ఎక్కణ్ణుంచొచ్చిందో వాళ్లనే చెప్పమనండి.