హిందోళంలో హార్మొనీ: ‘సాగరసంగమం’ పాటల పరిశీలన

తెలుగు సినిమా సంగీతంపై వెలువడే వ్యాసాలు ఎక్కువగా రాగనామ నిర్ణయం దగ్గరే ఆగిపోతున్నాయి. ఫలానా పాట ఫలానా రాగమని తేల్చి, అందులో వయొలిన్లు, గిటారు వినిపిస్తే దానిని ‘సంప్రదాయ, ఆధునికతల మేళవింపు’ అనడం పరిపాటి అయింది. వాద్యాల పట్టిక మేళవింపును నిరూపించదు. వయొలిన్ పందొమ్మిదో శతాబ్దం నుంచే కర్ణాటక సంగీతంలో ఉన్నది కదా! ఏకస్వరధారగా సాగే రాగం కింద పాశ్చాత్య కార్డులు చేరినప్పుడు షడ్జం షడ్జంగా నిలుస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

కె. విశ్వనాథ్ ‘సాగరసంగమం’ (1983) ఈ చర్చకు తగిన ఆకరం. ఇళయరాజాకు ఉత్తమ సంగీత దర్శకుడిగా జాతీయ పురస్కారం తెచ్చిన ఈ చిత్రంలో, వేటూరి రచించిన ‘వేవేల గోపెమ్మలా’ మోహనంలోనూ, ‘ఓం నమశ్శివాయ’ హిందోళంలోనూ ఉన్నాయి. రెండూ ఔడవ రాగాలే. పైగా మోహనంలోని గాంధారాన్ని షడ్జంగా గ్రహిస్తే గ్రహభేదం వల్ల ఏర్పడేది హిందోళమే. అంటే స్వరరాశి ఒక్కటే, ఆధారం వేరు.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. మోహనంలో స-గ-ప మూడూ ఉండటంతో ఆధారషడ్జం మీదే మేజర్ కార్డ్ నిలుస్తుంది. హిందోళంలో పంచమం వర్జ్యం. రాగస్వరాలతో కట్టగలిగిన మేజర్, మైనర్ కార్డులు రెండే: ద-స-గ, మ-ద-స. రెండింటిలోనూ షడ్జం ఉన్నది కాని పునాదిగా కాదు. మొదటి కార్డును కాస్త ఎక్కువసేపు నిలిపితే చెవి ధైవతాన్నే ఆధారంగా పట్టుకుంటుంది. హిందోళం కాస్తా మోహనమై కూర్చుంటుంది. గమకం సంగతి సరేసరి. ఊగుతూ పలకవలసిన గాంధార, నిషాదాల కింద కదలని కార్డ్ రాగచ్ఛాయను చెరుపుతుంది.

‘ఓం నమశ్శివాయ’ బరువు లయపైన, ఎస్. జానకి గాత్రంపైన ఎందుకు మోపబడిందో ఈ దృష్టితో చూస్తే బోధపడుతుంది. నృత్యగీతం కనుక లయ ప్రధానమన్న సమాధానం సులువైనదే, చాలినది మాత్రం కాదు. చిత్రకథలో ఈ పాటకు శైలజ చేసిన నృత్యాన్నే బాలు పత్రికలో తప్పుపడతాడు. ఒకే పాదాన్ని వేర్వేరు నృత్యశైలుల్లో అభినయించి దోషం ఎక్కడున్నదో చూపిస్తాడు. పాట సంగీతం గురించి అంత నిర్దిష్టంగా మాట్లాడిన విమర్శ అరుదు.

ఇదే చిత్రంలోని ‘వేదం అణువణువున’ హంసానందిలో ఉన్నది. అందులోనూ పంచమం లేదు. శుద్ధమధ్యమానికి బదులు ప్రతిమధ్యమం ఉన్నది. కాబట్టి అక్కడ షడ్జానికి అటు పంచమం నుంచీ, ఇటు శుద్ధమధ్యమం నుంచీ కూడా ఊతం దొరకదు.