పరదేశంలో ఇంగ్లిష్ పాఠం

విదేశంలో ఇంగ్లిష్ పాఠం చెప్పే ఉద్యోగానికి మొదటి వడపోత పాస్‌పోర్టు దగ్గరే జరుగుతుంది. తరగతి గది వంతు ఆ తర్వాతే. దక్షిణ కొరియా ఇంగ్లిష్ బోధకులకు ఇచ్చే ఇ-2 వీసా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే దక్కుతుంది. ఆ ఏడు దేశాల్లో ఏదో ఒకదాని పౌరుడైన కుర్రాడికి ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు, పాఠం చెప్పడం తెలిసి ఉండాలన్న పట్టింపు పెద్దగా లేదు. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన భారతీయ లెక్చరర్ మాత్రం ఆ వరుసలో నిలబడలేడు. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం కాస్త సందు ఇచ్చింది. డిగ్రీతోపాటు ఇంగ్లిష్ బోధనలో అర్హత ఉన్న భారతీయులు అక్కడి బడుల్లో సహాయ ఉపాధ్యాయులుగా చేరవచ్చు. సందు ఉందన్న మాటే గాని దాని గుండా వెళ్లినవాళ్లు తక్కువ.

చైనాలో ఇంగ్లిష్ చెప్పాలంటే సాధారణంగా ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశపు పౌరుడై ఉండాలి, లేదా అలాంటి దేశంలో డిగ్రీ చదివి ఉండాలి. జపాన్ బడుల్లో బోధకుల వీసా కావాలంటే మిగతా దేశాలవాళ్లు పన్నెండేళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు కాగితాలు చూపాలి. పదో తరగతి దాకా ఊరి బడిలో తెలుగు మీడియం చదివి, తర్వాత ఇంగ్లిష్‌లో ఎం.ఏ. చేసినవాళ్లు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. బ్రిటన్ సంగతి మరీ చిత్రం. భారత్‌తో సహా మరికొన్ని దేశాల టీచర్లు ఇంగ్లండ్‌లో క్యూటీఎస్ అనే ఉపాధ్యాయ హోదాకు నేరుగా దరఖాస్తు పెట్టుకునే వీలు 2023లో కల్పించారు. మనవాళ్లకు ఆ వీలు గణితం, సైన్సు, భాషలు చెప్పేవాళ్లకే ఇచ్చారు. ఆ భాషల్లో ఇంగ్లిష్ లేదు. ఇంగ్లండుకు మన లెక్కల మాస్టారు కావాలి, ఇంగ్లిష్ మాస్టారు అక్కర్లేదు.

అందుకని ఈ పనిలోకి దిగేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఏ దేశంలో జీతం ఎక్కువన్నది కాదు, ఏ దేశపు నిబంధన ఏమంటోందన్నది. గల్ఫ్ దేశాలు, తూర్పు ఆఫ్రికా, ఆగ్నేయాసియాలో కొన్ని దేశాలు పాస్‌పోర్టు రంగు కన్నా డిగ్రీని, అనుభవాన్ని ఎక్కువగా చూస్తాయి. థాయ్‌లాండ్‌లో మనవాళ్లను టోయిక్ లాంటి పరీక్ష స్కోరు అడుగుతారు. గల్ఫ్‌లో సీబీఎస్ఈ పాఠ్యక్రమం నడిపే బడులకు బీఈడీ తప్పనిసరి, అక్కడ టీచర్లలో ఎక్కువమంది భారతీయులే.

తెలుగు నేల మీద ఈ వృత్తికి మూలం వెతికితే అది హైదరాబాద్ తార్నాకలో దొరుకుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు, బ్రిటిష్ కౌన్సిల్ సాయం అందాయి. 1972లో విదేశీ భాషలు చేరి సీఫెల్ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్) అయింది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇప్పటి పేరు తెచ్చుకుంది. పాతకాలపు అధ్యాపకుల నోట మాత్రం ఇప్పటికీ సీఫెలే. కన్నడ కవి, తర్వాత జ్ఞానపీఠం అందుకున్న వి.కృ. గోకాక్ తొలి రోజుల్లో దీనికి డైరెక్టరుగా ఉన్నారు. ఇక్కడ చదివినవాళ్లు విదేశాలకు వెళ్లాలని ఈ సంస్థను పెట్టలేదు. రాష్ట్రాల నుంచి వచ్చే ఇంగ్లిష్ టీచర్లకు పాఠం చెప్పడం నేర్పడమే దాని పని. పక్కనే ఉన్న ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలై, ఇంగ్లిష్‌ను తప్పనిసరి భాషగా బోధించిన చోటు. ఇంగ్లిష్‌ను ఇంటి భాషగా కాక నేర్చుకోవాల్సిన భాషగా చూసే అలవాటు ఈ గోడకు రెండు వైపులా ఉందన్నమాట.

ఈ సంస్థ చేసిన పనుల్లో విదేశాలకు వెళ్లే టీచరుకు బాగా అక్కరకొచ్చేది ఉచ్చారణ మీద జరిగిన పరిశోధన. ఆర్.కె. బన్సల్ భారతీయులు మాట్లాడే ఇంగ్లిష్ ఇతర దేశాల శ్రోతలకు ఎంతవరకు అర్థమవుతోందో కొలిచి 1969లో ఆ ఫలితాలను ఇక్కడి నుంచే ప్రచురించారు. యాస వేరుగా ఉన్నంత మాత్రాన మాట తెలియకుండా పోదు. పదంలో ఒత్తు ఒక చోట పడాల్సింది మరో చోట పడితే మాత్రం వినేవాడు తికమకపడతాడు. అమెరికన్ యాస తెచ్చిపెట్టుకునే క్లాసులకు డబ్బు పోసేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకుంటే మంచిది. ఉద్యోగ ఎంపికలో చెప్పాల్సిన డెమో పాఠంలో అరువు యాస పది నిమిషాలు నిలబడుతుంది, పదకొండో నిమిషంలో జారిపోతుంది.

తెలుగు ఇంగ్లిష్ అధ్యాపకులకు చాలాకాలం పని దొరికింది పశ్చిమ దేశాల్లో కాదు. చక్రవర్తి హైలే సెలాసీ కాలం నుంచే ఇథియోపియా బడుల్లో భారతీయ టీచర్లు ఉన్నారు, వాళ్లలో మలయాళీలు ఎక్కువ. 1970లలో చమురు డబ్బు వచ్చిన నైజీరియా 1976లో అందరికీ ప్రాథమిక విద్య పథకం పెట్టింది. బడులు పెరిగాయి, టీచర్లు చాలలేదు, మనవాళ్లు వెళ్లారు. తర్వాతి దశాబ్దాల్లో యెమెన్, లిబియా, ఒమన్, సౌదీ, మళ్లీ ఇథియోపియా. ఈసారి ఎక్కువగా విశ్వవిద్యాలయాలు పిలిచాయి. జీతం డాలర్లలో, వసతి ఉచితం, ఏడాదికోసారి విమాన టికెట్. ఆ సుఖానికి మరో వైపు కూడా ఉంది. 2011లో లిబియా నుంచి వేలమంది భారతీయులు చేతిసంచులతో తిరిగొచ్చారు. 2015 ఏప్రిల్‌లో యెమెన్ నుంచి ఆపరేషన్ రాహత్ పేరుతో తరలించారు. అదే ఏడాది జులై చివర లిబియాలోని సిర్తె విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నలుగురు భారతీయ అధ్యాపకులను సాయుధులు ఎత్తుకెళ్లారు. ఇద్దరిని రెండు రోజుల్లో వదిలేశారు. మిగిలిన ఇద్దరు తెలుగువాళ్లు, వాళ్లు బయటపడింది 2016 సెప్టెంబరులో.

ఇక అర్హతల సంగతి. ఇంగ్లిష్ సాహిత్యంలో ఎం.ఏ. ఉంటే బోధన వచ్చినట్టేనని ఇక్కడ అనుకుంటారు. అక్కడి విభాగాధిపతి అలా అనుకోడు. ఇఫ్లూలో ఏళ్లుగా నడిచిన పీజీసీటీఈ, పీజీడీటీఈ కోర్సులు ఈ లోటు పూడ్చడానికి పుట్టినవే. ప్రపంచమంతటా ఎక్కువగా చెల్లేది కేంబ్రిడ్జ్ ఇచ్చే సెల్టా సర్టిఫికెట్. దాని బీజం 1962లో లండన్‌లో జాన్ హేక్రాఫ్ట్, బ్రీటా హేక్రాఫ్ట్ దంపతులు మొదలుపెట్టిన చిన్న శిక్షణలో ఉంది. సెల్టాలో 120 గంటల శిక్షణ ఉంటుంది, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి, వెనక బెంచీలో శిక్షకుడు కూర్చుని రాసుకుంటాడు. ఆన్‌లైన్‌లో వందలకో వేలకో దొరికే 120 గంటల టెఫెల్ సర్టిఫికెట్ మీద కూడా అదే అంకె ఉంటుంది, ఆ ఆరు గంటలు మాత్రం ఉండవు. తెలివైన యజమాని ముందు అడిగేది ఆ ఆరు గంటల గురించే.

ఉద్యోగం తేలేది డెమోలో. ఇరవై నిమిషాలు, చాలాసార్లు జూమ్‌లోనే. ‘ఫర్’, ‘సిన్స్’ తేడా చెప్పమన్నారనుకుందాం. మన కాలేజీ అలవాటు ప్రకారం టీచర్ ముందు ప్రెజెంట్ పర్ఫెక్ట్ నిర్వచనం చెబుతాడు. సబ్జెక్ట్ ప్లస్ హ్యావ్ ప్లస్ వీ3 అని బోర్డు మీద రాస్తాడు. ఐదు ఉదాహరణలు చదివి, అర్థమైందా అంటాడు. అందరూ తలలూపుతారు. పని అక్కడితో చెడింది. శిక్షణ ఉన్న టీచర్ ‘షీ హ్యాజ్ లివ్డ్ ఇన్ మస్కట్ ఫర్ టూ ఇయర్స్’ అన్న ఒక్క వాక్యం రాసి రెండు ప్రశ్నలు వేస్తాడు: ఆమె ఇప్పుడు మస్కట్‌లో ఉందా? ఏ సంవత్సరంలో వచ్చింది? జవాబులు సరిగ్గా వస్తే నియమం వాళ్ల బుర్రలోకి వెళ్లినట్టే, పేరు తర్వాత చెప్పినా నష్టం లేదు. ఆపైన ఇద్దరిద్దరిని జతగా కూర్చోబెట్టి తమ గురించి తాము చెప్పుకోమని, టీచర్ నోరు మూసుకుంటాడు. చూసేవాళ్లు లెక్కేసేది టీచర్ ఎంతసేపు మాట్లాడాడన్నది. తక్కువ మాట్లాడినవాడికి ఎక్కువ మార్కులు. అరవైమందికి గంటసేపు గొంతెత్తి చెప్పడమే పాండిత్యంగా పెరిగిన మనవాళ్లకు ఇది మింగుడుపడదు.

రెండో చిక్కు విద్యార్థుల నోళ్లు. తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది కాబట్టి మన నోట ‘బస్’ ‘బస్సు’ అవుతుంది, ‘కార్’ ‘కారు’ అవుతుంది. వియత్నాం విద్యార్థి దీనికి తలకిందులు, పదం చివరి హల్లును మింగేస్తాడు. ‘రైస్’, ‘రైట్’, ‘రైడ్’ మూడూ అతని నోట ఒకేలా వినిపించవచ్చు. చివర అచ్చు తగిలించే టీచర్, చివర హల్లు వదిలేసే విద్యార్థి ఎదురుబొదురుగా కూర్చుంటే, ముందు దిద్దుకోవాల్సింది టీచరే. అరబ్బు విద్యార్థికి ‘ప’ పలకదు, పార్కింగ్ బార్కింగ్ అవుతుంది. అతని ముందు కాగితం ముక్క పట్టుకుని ‘ప’ అనమంటారు. కాగితం ఊగితే ‘ప’, ఊగకపోతే ‘బ’. ఇది సాయం లేకుండా ఇంట్లో చేసుకునే సాధన కూడా. తెలుగు టీచరుకు ఇక్కడ మరో పాఠం ఉంది, ఎందుకంటే మన ‘ప’ కూడా ఇంగ్లిష్‌లో పదం మొదట వచ్చే ‘ప’ అంత గట్టిగా ఊదదు, కాగితం పెద్దగా కదలదు.

ఈ సాధనకు విమానం ఎక్కక్కర్లేదు. భారత ప్రభుత్వం 1964లో మొదలుపెట్టిన ఐటెక్ పథకం కింద ఆఫ్రికా, మధ్య ఆసియా, లాటిన్ అమెరికా, ఆగ్నేయాసియా దేశాల ఉద్యోగులు, టీచర్లు ఇంగ్లిష్ నేర్చుకోవడానికి ఇఫ్లూకే వస్తారు. కంబోడియా, లావోస్, మయన్మార్, వియత్నాంలలో భారత్ పెట్టిన ఇంగ్లిష్ శిక్షణ కేంద్రాల వెనకా ఈ క్యాంపస్సే ఉంది. ఉస్మానియాలో చదవడానికి వచ్చిన యెమెన్, సూడాన్, సోమాలియా విద్యార్థులు తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్ గల్లీల్లో గదులు అద్దెకు తీసుకుని ఉంటారు. వాళ్లకు సాయంత్రం ఇంగ్లిష్ చెప్పేవాళ్లు కావాలి. విదేశాల్లో ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు తెలుగు రాని విద్యార్థి కావాలి, ఎందుకంటే తెలుగులోకి దిగి గట్టెక్కే అలవాటు అలాంటి తరగతిలోనే పోతుంది. ఇద్దరి అవసరం తీరే బేరం మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నా, స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డుల కింద వేలకు వేలు కట్టేవాళ్లకు ఇది తట్టదు.

అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబాల కథ వేరు. భర్త హెచ్-1బీ మీద, భార్య హెచ్-4 మీద వెళ్తారు, ఇక్కడ పదేళ్లు లెక్చరరుగా చేసినావిడ అక్కడ జీతం తీసుకోకూడదు. 2015 మే నుంచి గ్రీన్‌కార్డు దారిలో కొంత ముందుకు వెళ్లినవాళ్ల జీవిత భాగస్వాములకు పని అనుమతి ఇస్తున్నారు. అది చేతికొచ్చినా ప్రభుత్వ బడిలో చేరాలంటే ఆయా రాష్ట్రం ఇచ్చే లైసెన్సు, డిగ్రీల మూల్యాంకనం కావాలి. వయోజనులకు ఇంగ్లిష్ నేర్పే కమ్యూనిటీ కాలేజీలు ఎక్కువగా టెసాల్‌లో (ఇతర భాషలవాళ్లకు ఇంగ్లిష్ బోధనలో) మాస్టర్స్ అడుగుతాయి. చాలామంది మొదట ఊరి లైబ్రరీలో జీతం లేకుండా వలస వచ్చినవాళ్లకు పాఠం చెబుతూ మొదలుపెడతారు. అక్కడి రెఫరెన్సు లేఖ బరువు ఇక్కడి పదేళ్ల సర్వీసు కన్నా ఎక్కువ పలుకుతుంది. అన్యాయమే, కానీ అక్కడి పద్ధతి అది.

కాగితాల పని విసుగు పుట్టించేదే అయినా తప్పదు. ప్రొవిజనల్ సర్టిఫికెట్ పనికిరాదు, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) కావాలి. మార్కుల మెమోలు, ట్రాన్స్‌క్రిప్టు, విశ్వవిద్యాలయం నుంచి నిర్ధారణ, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ ముద్ర. 2005లో భారత్ హేగ్ ఒప్పందంలో చేరాక ఆ ఒప్పందంలో ఉన్న దేశాలకు ఆ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర చాలు, మిగతా దేశాలకు రాయబార కార్యాలయం ముద్ర కూడా పడాలి. సౌదీ 2022లో ఒప్పందంలోకి వచ్చింది. చైనా 2023లో చేరినా భారత్ అభ్యంతరం వల్ల ఈ రెండు దేశాల మధ్య అది వర్తించదు. చైనాకు, యూఏఈకి వెళ్లేవాళ్లు పాత దారినే పోవాలి. పేరులో ఇంటిపేరు ముందో వెనకో ఉండి పదో తరగతి మెమోకూ పాస్‌పోర్టుకూ పొంతన కుదరకపోతే అన్నీ అక్కడే ఆగుతాయి, తెలుగువాళ్లకు ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే.

ఏజెంటు ద్వారా వెళ్తే అతను విదేశాంగ శాఖ దగ్గర నమోదై ఉన్నాడో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడాలి. చట్టం ప్రకారం అతను తీసుకోదగింది 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే రసీదు ఇవ్వడు, రసీదు లేకపోతే ఫిర్యాదు నిలవదు. ఒప్పందంలో చూడాల్సింది నెల జీతం ఒక్కటే కాదు. వేసవి సెలవుల్లో జీతం ఇస్తారా, వారానికి ఎన్ని గంటల పాఠం, ప్రొబేషన్‌లో మానేస్తే టికెట్ ఎవరిది, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది, ఇవన్నీ సంతకానికి ముందే తేలాలి. సర్వీసు సర్టిఫికెట్‌ను ఉద్యోగం మానేసే రోజు దాకా ఆపకుండా ఏటా తీసుకుని, రిజిస్ట్రారు సంతకం చేయించి, ఒక ప్రతి హైదరాబాద్ ఇంటికి పంపడం మేలు. యుద్ధం వచ్చి మూతపడ్డ విశ్వవిద్యాలయం నుంచి తర్వాత దాన్ని తెప్పించుకోవడం అయ్యే పని కాదు. తిరిగొచ్చాక ఇక్కడి కాలేజీ అనుభవం లెక్కకట్టేటప్పుడు అడిగేది ఆ కాగితాన్నే.