నేలబారు కార్ల చక్రవిద్య

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తూర్పు లాస్ ఏంజిలస్‌లోని మెక్సికన్ అమెరికన్ యువకులు పాత షెవ్రోలే కార్లను నేలకు బాగా దగ్గరగా దించి, విట్టియర్ బులెవార్డ్ మీద నలుగురూ చూసేలా నింపాదిగా నడపడంతో రూపుదిద్దుకున్న సంప్రదాయాన్ని లోరైడింగ్ అంటారు. రంగులకూ నగిషీలకూ దక్కిన కీర్తి, ఆ కార్ల కింద దాగిన చక్రాల లెక్కకు దక్కలేదు. నిజానికి పనివాడి నేర్పు తెలిసేది అక్కడే.

తొలినాళ్లలో డిక్కీలో ఇసుక బస్తాలు వేసో, స్ప్రింగు చుట్లు కోసో కారును దించేవారు. దించినప్పుడు మారేది ఎత్తు ఒక్కటే కాదు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కంట్రోల్ ఆర్మ్‌లలో పైది పొట్టిది, కిందిది పొడవైనది కావడం వల్ల, కారు కిందికి దిగేకొద్దీ పై ఆర్మ్ చక్రం పైభాగాన్ని లోపలికి లాగుతుంది. ఎదుట నిలబడి చూస్తే కనిపించే ఈ వాలును క్యాంబర్ అంటారు. అది లోపలికి మరీ ఎక్కువైతే బరువంతా టైరు లోపలి అంచు మీద పడి, బయటి అంచు కొత్తగా ఉండగానే లోపలిది అరిగిపోతుంది.

అయినా టైరును త్వరగా తినేసేది క్యాంబర్ కన్నా టో. రెండు చక్రాల ముందు అంచుల మధ్య దూరానికీ వెనక అంచుల మధ్య దూరానికీ ఉండే తేడాయే టో. కారు దిగినప్పుడు స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఒక తీరునా, ఆర్మ్‌లు మరో తీరునా కదలడం వల్ల ఆ తేడా మారి, టైరు దొర్లుతూనే పక్కకు ఈడ్చుకుపోతుంది. అరిగిన ట్రెడ్‌ను అడ్డంగా నిమిరితే ఒకవైపు నున్నగా, ఎదురువైపు రంపపు పళ్లలా తగులుతుంది. 13 అంగుళాల తీగ చక్రాలకు తొడిగే 155 మిల్లీమీటర్ల సన్నని టైర్లకు ఈ నష్టాన్ని ఓర్చుకునేంత రబ్బరు ఉండదు.

కారులోని ఏ భాగమూ చక్రపు రిమ్ము అడుగు కన్నా కిందికి దిగకూడదని కాలిఫోర్నియా 1950ల చివర్లో చట్టం చేయగా, రాన్ అగిర్రే అనే ఒకతను విమానాల హైడ్రాలిక్ పరికరాలను తన కార్వెట్ కారుకు అమర్చి, స్విచ్ నొక్కితే కారు లేచేలా, దిగేలా చేశాడు. చట్టాన్ని దాటడానికి పుట్టిన ఈ ఉపాయమే చక్రాల కోణాల అమరికకు, అంటే అలైన్‌మెంట్‌కు, కొత్త చిక్కు తెచ్చింది: ఎత్తు మారినప్పుడల్లా కోణాలు మారతాయి గనుక, ఒక ఎత్తులో సరిగ్గా కుదిరిన చక్రం మరో ఎత్తులో వాలుతుంది. కారును బాగా పైకి లేపినప్పుడు కూడా పొట్టి ఆర్మ్ చక్రం తలను లోపలికే లాగుతుంది కాబట్టి, పనివాళ్లు పై ఆర్మ్‌ను ఒక అంగుళం మేర పొడిగిస్తారు. దాంతో లేచిన కారు చక్రాలు నిటారుగా నిలుస్తాయి గాని, దిగినప్పుడు అవి బయటికి వాలి, అరుగుదల బయటి అంచుకు చేరుతుంది. ఈ పొడిగింపు ఎంతన్నది తేల్చడంలోనే అసలు నైపుణ్యం ఉంది. అనుభవజ్ఞులు కారు రోజూ నడిచే ఎత్తును ముందు నిర్ణయించుకుని, ఆ ఎత్తులోనే క్యాంబర్‌నూ టోనూ సరిచేస్తారు. ఎగరడానికీ వంగడానికీ వాడే ఎత్తులు ప్రదర్శనకే పరిమితం. వెనక రెండు చక్రాలనూ ఒకే గట్టి ఇరుసు కలిపి ఉంచే 1960ల షెవ్రోలే ఇంపాలాలో ఆ చక్రాలకు ఈ వాలు బెడద లేదు.

ఆ పాత నిషేధం 2024 జనవరి 1 నుంచి రద్దయింది. దానితో రోజూ నడిపే ఎత్తును రిమ్ము కొలతకు కట్టుబడకుండా యజమాని తానే ఎంచుకోవచ్చు గాని, అలా ఎంచుకున్న ప్రతిసారీ అలైన్‌మెంట్ మళ్లీ చూసుకోక తప్పదు.