స్టెప్నీ చోట కేబుల్ పెట్టె

బండి పనితనం తెలియాలంటే దాన్ని లిఫ్టు మీద పైకెత్తించి కింద నిలబడి చూడాలి. మెర్సిడెస్ జి 580 అనే విద్యుత్ బండిని అలా కింది నుంచి చూస్తే ముందుగా ఒక నల్లటి పలక కంటపడుతుంది. 26 మిల్లీమీటర్ల మందం, బొటనవేలి వెడల్పుకు కాస్త ఎక్కువ. కార్బన్ నార కలిపి చేసిన మిశ్రమ పదార్థం అది. బరువు 57.6 కిలోలు. యాభైకి పైగా ఉక్కు స్క్రూలతో దాన్ని చాసీకి బిగించారు. ఇంతే రక్షణ ఉక్కుతో ఇవ్వాలంటే పలక మూడింతలు బరువెక్కేదని తయారుచేసినవాళ్ల లెక్క.

డీజిల్ జీపు కింద కూడా రేకు ఉంటుంది. అయితే అది ఆయిల్ చాంబర్‌కి, గేర్‌బాక్స్‌కి అడ్డుగా ఉండే చిన్న ముక్క. ఇక్కడ మాత్రం బండి కడుపంతా బ్యాటరీయే. కొండదారిలో ముందు చక్రం రాయి దిగగానే మూడు టన్నుల బండి తన కడుపుతో ఆ రాయి మీద కూర్చుంటుంది. ఆ క్షణంలో పలక వంగాలి, పగలకూడదు. రాయి మీది నుంచి జారాలి, దానికి తట్టుకుని ఆగిపోకూడదు. ఆ పలకనీ, దాని స్క్రూలనీ ఒక్కొక్కటిగా చూస్తుంటే ఇది ఎక్కడ తిరగబోతోందో తెలిసినవాళ్లు చేసిన పని అని అర్థమవుతుంది.

తెలిసినవాళ్లే మరి. జి వాహనం 1979 నుంచి ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో తయారవుతోంది. ఊరికి దగ్గర్లోనే షోకెల్ అనే కొండ ఉంది, ఎత్తు 1,445 మీటర్లు. రాళ్లు, చెట్ల వేళ్లు, నిట్టనిలువు ఎక్కుళ్లతో నిండిన దాని పరీక్ష దారి పొడవు 5.6 కిలోమీటర్లు. కొత్త నమూనా ఏదైనా ఈ దారిలో నలిగి నిలిచాకే అమ్మకానికి వెళుతుంది. అలా నెగ్గినందుకు గుర్తుగా తలుపు పక్కన చిన్న బిళ్ల కూడా వేస్తారు. 2024 ఏప్రిల్‌లో బీజింగ్‌లో విద్యుత్ జి తుది రూపాన్ని తొలిసారి చూపారు. పాత అభిమానులు అడిగే ప్రశ్న ఒకటే: దీన్నీ షోకెల్ ఎక్కించారా అని. ఎక్కించారు.

దీని బరువు 3,085 కిలోలు. డీజిల్ జి కన్నా సుమారు అర టన్ను ఎక్కువ. బురదలో బరువు శత్రువని ఎవరైనా చెబుతారు. ఆ బరువును తగ్గించే దారి లేనప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే పనివాడి తెలివి బయటపడుతుంది. పాత నిచ్చెన చాసీని వదలకుండా, దాని రెండు దూలాల మధ్య బ్యాటరీ పెట్టెను దించారు. లోపల 216 సెల్స్‌ని రెండు అంతస్తులుగా పేర్చారు. మెలితిప్పినా వంగని పెట్టె కాబట్టి అది చాసీకి అదనపు బలం కూడా ఇస్తుంది. బరువంతా నేలకు దగ్గరగా చేరడంతో బండి 35 డిగ్రీల వరకు పక్కకు ఒరిగినా పడిపోదు. ఏటవాలు గట్టు మీద బండి నడిపినవాళ్లకు ఆ కోణం ఎంత భయం పుట్టిస్తుందో తెలుసు. కిందికి దించిన ఆ బరువే అక్కడ బండిని పట్టి నిలబెడుతుంది.

చక్రాల సంగతి ఇంకా లోతైనది.

దమ్ము చేసే మడిలో ట్రాక్టర్ తిరగడం చూసినవాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. ట్రాక్టర్‌కి కుడి వెనక చక్రానికి ఒక బ్రేకు, ఎడమ చక్రానికి ఒక బ్రేకు వేరువేరుగా ఉంటాయి. గట్టు దగ్గరికి రాగానే డ్రైవరు స్టీరింగ్ పూర్తిగా కోసి, లోపలి వైపు బ్రేకు ఒక్కదాన్నే తొక్కుతాడు. ఆ చక్రం బురదలో మేకులా నిలబడిపోతుంది, బయటి చక్రం దాని చుట్టూ తిరిగి వస్తుంది. అంతకు ముందు తరంలో నాగలి తిప్పేటప్పుడు లోపలి ఎద్దును ఆపి బయటి ఎద్దును అదిలించేవారు. సూత్రం ఒకటే: ఒక్కో కాలికి ఒక్కో మాట చెప్పగలగాలి.

జి 580లో నాలుగు చక్రాలకు నాలుగు మోటార్లు ఉన్నాయి. ఒక్కోటి 108 కిలోవాట్లు, అన్నీ కలిపి 432. మొత్తం టార్క్ 1,164 న్యూటన్ మీటర్లు. మోటారు ఇచ్చే టార్క్‌ని లిప్తపాటులో పెంచి తగ్గించవచ్చు. పాత జి లో ముందు, మధ్య, వెనక మూడు డిఫరెన్షియల్ లాకులు ఉండేవి. డాష్‌బోర్డు నడిమధ్య వాటి మూడు మీటలే ఆ బండికి బొట్టులాంటివి. లాకు వేస్తే రెండు చక్రాలనూ బలవంతంగా ఒకే వేగంతో తిప్పుతుంది. ఇక్కడ ఆ అవసరమే లేదు. జారే చక్రానికి శక్తి తగ్గి, పట్టు ఉన్న చక్రానికి అంతా వెళుతుంది. మీటలుండే చోట ఇప్పుడు వేరే పనుల బటన్లు వచ్చాయి. వాటిలో ఒకటి నొక్కితే కుడి చక్రాలు ముందుకు, ఎడమ చక్రాలు వెనక్కి తిరిగి, బండి కుమ్మరి సారెలా ఉన్నచోటే చుట్టు తిరుగుతుంది. చూడ్డానికి అది బాగుంటుంది కానీ మెత్తటి చదును నేల మీదే చేయాలి, టైర్లకూ దారికీ అది మంచిది కాదు. నాకు నచ్చింది రెండో బటన్. మలుపులో వెనక చక్రాలకు శక్తి మార్చి మార్చి ఇచ్చి ఇరుకు దారిలో బండిని కురచగా తిప్పుతుంది. మడిలో ట్రాక్టర్ డ్రైవరు పాదంతో చేసే పనే అది.

ఈ నాలుగు మోటార్లకీ విడివిడిగా గేర్‌బాక్సులు పెట్టారు. నా దృష్టిలో ఈ బండి మొత్తానికి అసలైన పనితనం ఇక్కడ ఉంది. విద్యుత్ మోటారుకు సున్నా వేగం నుంచే పూర్తి టార్క్ ఉంటుంది కదా, లో గేరు ఎందుకని చాలా కంపెనీలు దాన్ని వదిలేశాయి. మెర్సిడెస్ ఇంజనీర్లు వదల్లేదు. నాలుగు గేర్‌బాక్సుల్లోనూ 2:1 లో రేంజ్ పెట్టారు. రాయి ఎక్కేటప్పుడు చక్రం దాదాపు ఆగిపోయి ఉంటుంది. మోటారు మాత్రం పూర్తి బలంతో తోస్తూ ఉండాలి. అలా ఆగిన మోటారులోకి ఎక్కువసేపు కరెంటు పంపితే అది వేడెక్కిపోతుంది. గేరు ఉంటే సగం శ్రమకే అదే తోపు వస్తుంది, బండి చీమ నడకలా కదులుతుంది. నూటికి నూరు శాతం, అంటే 45 డిగ్రీల ఎక్కుడు ఎక్కగలదన్న మాట వెనక ఉన్నది ఆ నాలుగు చిన్న పెట్టెలు. ఇంత ఖర్చు, ఇంత బరువు ఎందుకని ఎవరైనా అడిగి ఉంటారు. ఆ ప్రశ్నకు లొంగనందుకు వాళ్లకు నమస్కారం పెట్టాలి.

నీళ్ల విషయం త్వరగా చెప్పుకోవచ్చు. డీజిల్ జి 700 మిల్లీమీటర్ల లోతు వరకు దిగుతుంది, ఇది 850 వరకు. ఇంజిన్‌కి గాలి పీల్చే ముక్కు కావాలి, పొగ వదిలే గొట్టం కావాలి. మోటారుకు రెండూ అక్కర్లేదు. సీలింగ్ గట్టిగా ఉంటే చాలు. వాగు దాటుతున్నప్పుడు ఇంజిన్ మోత ఉండదు కాబట్టి నీళ్ల చప్పుడు, కింద గులకరాళ్లు దొర్లడం, పలకకు రాయి రాసుకోవడం అన్నీ వినిపిస్తాయి. అది డ్రైవరుకు పనికొచ్చే సమాచారం. స్పీకర్లతో వి8 ఇంజిన్ మోతను పుట్టించే ఏర్పాటు కూడా ఇందులో పెట్టారు. కొండదారిలో దాన్ని ఆపేసుకోమని చెబుతాను.

ఇక చార్జింగ్. బ్యాటరీలో వాడుకోదగ్గది 116 యూనిట్లు, మన కరెంటు బిల్లులో రాసే యూనిట్లే. యూరప్ పరీక్షల్లో ఇది 473 కిలోమీటర్ల వరకు నడుస్తుందని లెక్కవేశారు. అమెరికా ప్రభుత్వ పరీక్షలో వచ్చింది 239 మైళ్లు, సుమారు 385 కిలోమీటర్లు. ఫాస్ట్ చార్జర్ దగ్గర గరిష్ఠంగా 200 కిలోవాట్లు తీసుకుని 10 నుంచి 80 శాతానికి 32 నిమిషాల్లో చేరుతుంది. ఆ మధ్యలో ఎక్కేవి 81 యూనిట్లు కాబట్టి సగటు 152 కిలోవాట్లు పడుతుంది. అంత పెద్ద చార్జర్లు హైవే పక్కన ఉంటాయి, కొండ మొదట్లో ఉండవు. కొండ కింది ఊళ్లో 50 కిలోవాట్ల చార్జర్ దొరికితే ఆ 81 యూనిట్లకు గంటన్నర దాటుతుంది. బసలో 11 కిలోవాట్ల ప్లగ్గు ఉంటే రాత్రంతా. మన ఇళ్లలో గీజరుకు వాడే సాకెట్ లాంటిది మాత్రమే ఉంటే ఖాళీ బ్యాటరీ నిండటానికి ఒకటిన్నర రోజు.

20 లీటర్ల డీజిల్ డబ్బాతో పోల్చి చూడండి. అందులో సుమారు 200 యూనిట్ల వేడి ఉంటుంది. ఇంజిన్ మూడింట ఒక వంతును కదలికగా మార్చినా 65 యూనిట్లు, అంటే ఈ బ్యాటరీలో సగానికి పైగా. దాన్ని ఒక మనిషి భుజాన వేసుకుని, ఆగిపోయిన బండి దగ్గరికి నడిచి వెళ్లగలడు. కరెంటును అలా మోసుకెళ్లే డబ్బా లేదు. 2019లో ఇద్దరు నటులు విద్యుత్ మోటార్ సైకిళ్ల మీద అర్జెంటీనా దక్షిణపు కొస నుంచి లాస్ ఏంజెలిస్ దాకా వెళ్లినప్పుడు, వాళ్ల వెంట నడిచిన విద్యుత్ పికప్పుల కంపెనీ రివియన్ దారి పొడవునా చార్జర్లు పెట్టించాల్సి వచ్చింది.

అయినా కొండదారి మనం అనుకున్నంతగా బ్యాటరీని తినేయదు. ఆఫ్‌రోడ్ నడకలో సగం సమయం ఆగి, దిగి, రాయి చూసి, చక్రం ఎక్కడ పెట్టాలో ఎంచుకోవడానికే పోతుంది. అంతసేపూ డీజిల్ ఇంజిన్ మండుతూనే ఉంటుంది, మోటారు ఊరుకుంటుంది. అసలు ఖర్చు ఆ దారికి చేరే హైవే మీదే. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది, పైగా ఇది అగ్గిపెట్టె ఆకారపు బండి. ఆ ఆకారం పోకుండా బోనెట్‌ను కొద్దిగా ఎత్తి, ముందు అద్దం పక్క స్తంభాల అంచులను మార్చి, పైకప్పు ముందు చిన్న పెదవి పెట్టి, వెనక చక్రాల దగ్గర గాలి తెరలు కోశారు. చూసినవాడికి ఇవేవీ తెలియవు. గాలికి తెలుస్తాయి. దానికి తోడు రాళ్ల కోసం టైర్లలో గాలి తగ్గించి, తిరిగి నింపకుండా రోడ్డెక్కితే చార్జి కళ్లముందే కరిగిపోతుంది. కాబట్టి గాలి పంపు తప్పకుండా వెంట ఉండాలి.

దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. మూడు టన్నుల బండి 700 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే ఎత్తు కోసమే దాదాపు 6 యూనిట్లు ఖర్చవుతాయి. దిగుతున్నప్పుడు మోటార్లే జనరేటర్లుగా మారి అందులో కొంత వెనక్కిస్తాయి. 2022 నుంచి తిరుమల ఘాట్‌లో తిరుగుతున్న విద్యుత్ బస్సులు చేసేదీ ఇదే. మోటారు పట్టి ఉంచితే బ్రేకులు కాలవు, చక్రం రాయి మీద జారకుండా మెత్తగా దిగుతుంది. అయితే కొండపైన బస చేసి, రాత్రి నూరు శాతం నింపుకుని పొద్దున్నే దిగితే ఆ కరెంటు వెళ్లడానికి చోటుండదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. పైన 80 దగ్గర ఆపడం అలవాటు చేసుకోవాలి. ఎలాగూ ఫాస్ట్ చార్జర్ దగ్గరైతే ఆ చివరి 20 శాతానికే ఎక్కువసేపు పడుతుంది.

మన దేశంలో 2025 జనవరిలో దీన్ని 3 కోట్ల రూపాయల ధరకు విడుదల చేశారు. కొనేవాళ్లు కొద్దిమందే ఉంటారు, వాళ్లలో రాళ్ల మీదికి తీసుకెళ్లేవాళ్లు ఇంకా తక్కువ. ఇంత పని ఆ పలక కింద ఎవరూ చూడకుండా ఉండిపోతుందన్నదే నా బాధ.

చివరగా వెనక తలుపు దగ్గరికి రండి. 1979 నుంచి అక్కడ స్టెప్నీ వేలాడేది. విద్యుత్ జి లో ఆ చక్రానికి బదులు తాళం వేసుకునే పలుచని చదరపు పెట్టె రావచ్చు. చార్జింగ్ కేబుళ్లు పెట్టుకోవడానికి. అందంగా ఉంటుంది, తెరిస్తే కేబుల్ చేతికందేలా ఉంటుంది, బురద చేతులతో డిక్కీ తవ్వుకోనక్కర్లేదు. కానీ రాళ్ల దారిలో టైరు పక్కగోడ చీలితే పంక్చరు మందు పనిచేయదు. ఆ పూట కావాల్సింది చక్రమే. నాకే ఎంచుకునే వీలుంటే ఆ తలుపు మీద స్టెప్నీ పెట్టించుకుని, కేబుల్‌ని చుట్ట చుట్టి గోనెసంచిలో వెనక సీటు కింద తోసుకుంటాను.