వేరు, తప్పు, తేడా

ఇంగ్లిష్ నేర్చుకునే కొరియన్ వాళ్ళకి 'డిస్క్రిమినేట్' దగ్గర ఒక చిక్కుంది. ఈ ఒక్క క్రియకి వాళ్ళ భాషలో రెండు మాటలు కావాలి. గుబ్యొల్ హదా అంటే రెండిటి మధ్య తేడా పోల్చుకోవడం. ఛాబ్యొల్ హదా అంటే ఆ తేడాని చూపించి ఒకరిని తక్కువ చేయడం. ఇంగ్లిష్ మాత్రం రెండు పనులూ ఒకే మాటతో కానిచ్చేస్తుంది. సాధారణంగా పక్కన 'బిట్వీన్' ఉంటే వివేకం, 'అగైన్స్ట్' ఉంటే అన్యాయం. ముందు అన్యాయాన్ని మాత్రమే నేర్చుకున్న విద్యార్థికి 'డిస్క్రిమినేటింగ్ రీడర్' అనే మాట తిట్టులా వినిపిస్తే ఆశ్చర్యమేముంది?

మనకీ ఇది కొత్త కాదు. యుక్తాయుక్త వివక్ష ఉన్నవాణ్ణి మెచ్చుకుంటాం. కుల వివక్ష చూపేవాణ్ణి నిలదీస్తాం. మాట ఒకటే.

అయితే కొరియన్ భాష మనకంటే స్పష్టంగా ఉందా? పైకి అలాగే అనిపిస్తుంది. కానీ ఆ రెండు మాటల్లోనూ ఉన్న 'బ్యొల్' ఒకే చైనా అక్షరం. వేరు చేయడం అని దానర్థం. పైగా రోజువారీ మాటల్లో ఇంకో గందరగోళం ఉంది. 'దారుదా' అంటే వేరుగా ఉండడం, 'థుల్లిదా' అంటే తప్పు కావడం. చాలామంది మొదటిది అనాల్సిన చోట రెండోది అనేస్తారు. "నా ఆలోచన వేరు" అనబోయి "నా ఆలోచన తప్పు" అన్నట్టన్నమాట. భాష నేర్పేవాళ్ళు దీన్ని దిద్దుతూనే ఉంటారు.

వాళ్ళని చూసి నవ్వే ముందు మన 'తేడా' సంగతి చూసుకోవాలి. "ఏదో తేడా కొడుతోంది" అంటే ఎక్కడో తప్పు జరిగిందని. ఇక "వాడు తేడా" అంటే ఏమిటో మన సినిమా కామెడీ ఎప్పుడో నేర్పేసింది. హాల్లో మనం నవ్వాం కూడా.

స్పష్టమైన మాట ఉన్నంత మాత్రాన సమస్య తీరదు. దక్షిణ కొరియా ప్రభుత్వం 2007లో ఛాబ్యొల్‌ని నిషేధించే బిల్లు తెచ్చింది. అభ్యంతరాలు రావడంతో, రక్షణ ఇవ్వాల్సిన అంశాల జాబితాలోంచి లైంగికతని తీసేసింది. అందరినీ సమానంగా చూడాలనే బిల్లులోనే కొందరిని వేరు చేశారు. చివరికి ఆ బిల్లు చట్టమే కాలేదు.

అందుకే ఈ క్రియకి ఎదురుగా ఒక అర్థం రాసిచ్చి ఊరుకునే పదపట్టికలంటే నాకు అసంతృప్తి. ఎవరు, ఎవరిని, ఎందుకు వేరు చేస్తున్నారో చెప్పే ఒక వాక్యమైనా పక్కన ఉండాలి. కొరియన్ విద్యార్థికే కాదు, మనకీనూ.